నా చేతికి రాని స్పార్క్

దయ్యాలు, శాపాలు, చేతబడులు నమ్మే మనిషిని కాను నేను. కారు కదలడం లేదంటే దానికి కారణం ఉంటుంది. పెట్రోలన్నా అందకపోవాలి, స్పార్క్ అన్నా రాకపోవాలి. నాంపల్లిలో ఇన్నేళ్లుగా పాత కార్లు బాగుచేస్తూ బతికింది ఈ నమ్మకం మీదే. ఇది చదివి నవ్వుకున్నా ఫర్వాలేదు. ఇందులో నా మూలంగా చెడిన ఒక మనిషి పేరు ఉంది. దానికోసమే రాస్తున్నాను.

రెండు ప్రాంతాలూ కలిసి ఒకే రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మావాళ్లు బందరు నుంచి హైదరాబాదు వచ్చారు. స్టేషను వెనక సందులో ఒక షెడ్డులో నేను పనికి కుదిరాను. అక్కడ పెద్ద మెకానిక్ యాదగిరి. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. స్పార్క్ రాని బండి ఏదైనా ఆయన ముందుకే వచ్చేది.

స్పార్క్ చూసే పద్ధతి ఆయనే నేర్పాడు. ప్లగ్గు మీది తీగ ఊడదీసి, దాని కొనను ఇంజను ఇనుముకు గోరంత దూరంలో పట్టుకోవాలి. ఇంకొకరు బండి ముందు నుంచి ఇంజను తిరిగేలా హ్యాండిల్ తిప్పాలి. చిటుక్కుమని నీలం నిప్పు దూకితే కరెంటు వస్తున్నట్టు. లేకపోతే వెనక్కి వెతుక్కుంటూ పోవాలి.

ఒక వానాకాలం, ఖైరతాబాదులో ఉండే ఒక మాస్టారు తన పాత కారు తెచ్చి ఇచ్చారు. యాదగిరి అన్నానికి వెళ్లాడు. వచ్చి తనే స్పార్క్ పుట్టించే పాయింట్లు మారుస్తానని చెప్పి వెళ్లాడు. నేను ఆగలేదు. నాకూ పని వచ్చని చూపించుకోవాలనిపించింది. పాయింట్లు బిగిస్తుంటే గోటి మీద నిలబడేంత ఫైబర్ వాషర్ ఒకటి జారి బురదలో పడిపోయింది. అది లేకపోతే కరెంటంతా ఇనుములోకి దిగిపోతుంది, స్పార్క్ పుట్టదు. ఎంత వెతికినా దొరకలేదు. నా సిగరెట్ పెట్టె అట్ట కత్తిరించి, గుండ్రంగా కోసి పెట్టాను. బండి స్టార్టయింది. యాదగిరి వచ్చి ఇంజను చప్పుడు విని, బాగుందన్నాడు. వాషర్ సంగతి నేను చెప్పలేదు.

మూడో రోజు మాస్టారు వాళ్ల అమ్మగారికి గుండెనొప్పి వచ్చింది. దవాఖానకు తీసుకెళ్తుంటే జోరువానలో ఆబిడ్స్ చౌరస్తా దగ్గర బండి ఆగిపోయింది. రిక్షా దొరికి చేరేసరికి ఆలస్యమైంది. ఆమె బతకలేదు. ముందే చేరి ఉంటే బతికేదో లేదో నాకు తెలియదు. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఉపయోగం లేదు.

బండిని షెడ్డుకు తోసుకొచ్చాక షెడ్డు యజమాని సేఠ్ స్వయంగా విప్పాడు. తడిసి ఉబ్బిన అట్టముక్కను అందరి ముందూ పైకెత్తి చూపించాడు. బండి యాదగిరి చేతికిచ్చినది, తప్పు ఆయనదే అన్నారు. యాదగిరి ఆ అట్టను చూశాడు, ఒకసారి నావైపు చూశాడు. ఏమీ అనకుండా సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత చుట్టుపక్కల ఏ షెడ్డూ ఆయన్ని పెట్టుకోలేదు. చాదర్‌ఘాట్‌లో సైకిళ్లు బాగుచేసుకుంటున్నాడని విన్నాను.

ఆయన చోటు నాకిచ్చారు. మా సందులో చెత్తగా చేసిన పనికల్లా ‘యాదగిరి వాషర్’ అని పేరు పడింది. నేనూ అన్నాను. అది రాయకపోతే ఈ రాయడం దండగ.

పదేళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం నర్సింగ్ అనే కొత్త మెకానిక్ ఏదో పని పాడుచేశాడు. “ఏరా, యాదగిరి వాషర్ వేశావా?” అన్నాను. అందరూ నవ్వారు. తర్వాత అదే బండికి స్పార్క్ చూద్దామని తీగ పట్టుకున్నాను. రాలేదు. కాయిల్ మార్చాను, కండెన్సర్ మార్చాను, పాయింట్లు తుడిచాను. రాలేదు.

“జర ఇటివ్వన్నా,” అని నర్సింగ్ తీగ అందుకున్నాడు. నీలం నిప్పు టపటపా దూకింది. మళ్లీ నేను పట్టుకుంటే లేదు.

“అన్న చెయ్యి మస్తు సల్లగున్నట్టుంది, బ్యాటరీకి సలిపెడ్తుంది!” అన్నాడు వాడు. నేనూ నవ్వాను.

ఆ వారంలో మూడు బండ్ల మీద అదే జరిగింది. ఉంగరం, గడియారం తీసేశాను. చెక్కపలక మీద నిలబడ్డాను. చెక్క పటకారుతో తీగ పట్టాను. నా చేతిలో ఉన్నంతసేపు స్పార్క్ లేదు. ఇంకొకరు అందుకోగానే ఉంది. డాక్టరుకు చూపిస్తే చెయ్యి బాగానే ఉందన్నారు. రెండు నెలలు రాత్రిళ్లు సరిగా నిద్రపోలేదు.

చివరికి చాదర్‌ఘాట్ వెళ్లాను. యాదగిరి ఒక సైకిల్ చక్రం వంపు సరిచేస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది.

“అన్నా, ఆ అట్ట పెట్టింది నేనే,” అన్నాను.

“ఔ. నాకెరుకే,” అన్నాడు తలెత్తకుండా. “గది సిగరెట్ డబ్బ అట్ట. నేను తాగేది బీడీ.”

“మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు చెప్తవేమోనని సూసిన తమ్మీ. గా దినం షెడ్డు ముంగటి చాయ్ హోటల్ల కూసోని పొద్దుగూకేదాంక సూసిన.”

నా చేతి సంగతి చెప్తే ఆయన నవ్వలేదు. “నాకు చెప్తే ఏమొస్తది? నాకెరుకైనదే గద. గాడ, షెడ్డుకాడ చెప్పు,” అన్నాడు.

మర్నాడు చాయ్ వేళకు సందులో అందరినీ నిలబెట్టి చెప్పాను. సేఠ్ తుపుక్కున ఉమ్మి లోపలికి వెళ్లిపోయాడు. మాస్టారి ఇంటికీ వెళ్లాను. ఆయన అంతా విని తలుపు వేసుకున్నారు. నిజం చెప్పేశాను గదా, ఇక స్పార్క్ వస్తుందనుకున్నాను. రాలేదు.

నెల తర్వాత సేఠే కబురుపెడితే యాదగిరి షెడ్డుకు వచ్చాడు. పనికి రానన్నాడు, ఒక్క బండి చూసి వెళ్తానన్నాడు. నన్ను తీగ పట్టమని తనే హ్యాండిల్ తిప్పాడు. ఏమీ లేదు. తను వచ్చి తీగ అందుకుని నన్ను తిప్పమన్నాడు. నిప్పు దూకింది.

“ఎందుకన్నా ఇట్లా?” అని అడిగాను.

ఆయన తీగ యథాస్థానంలో పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. “నాకేం ఎరుక? కాయిల్ గురించి అడుగు, చెప్త.”

యాదగిరి పోయి రెండేళ్లయింది. నేను ఇంకా అదే సందులో పనిచేస్తున్నాను. తీగ ఎవరో ఒకరు పట్టుకుంటారు, నేను బండి ముందు వంగి హ్యాండిల్ తిప్పుతాను. కొత్తవాళ్లు కారణమడుగుతారు. అట్టముక్క సంగతి చెప్తాను. మిగతాది నాకూ తెలియదంటాను.