దానంతటదే మూసుకునే తలుపు

మా మామయ్య గారిని సాగనంపిన సాయంత్రం, పెదపాడులో అరవై మంది మగవాళ్ళు తడిబట్టలతో వీధిలో నిలబడిపోయారు. లోపలికి రాలేరు, ఇళ్ళకు పోలేరు. కార్తీకమాసపు గాలి కాలువ మీదుగా వీస్తోంది. వాళ్ళను అలా నిలబెట్టింది వరద కాదు, పోలీసులు కాదు. ఒక అల్లుడు, ఒక స్ప్రింగు. ఆ అల్లుణ్ణి నేనే.

ఎనిమిదేళ్ళయింది. చావు ఇంట్లో జరిగినదాన్ని నవ్వుతూ చెప్పడం తప్పేమోనని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. కానీ ఆ ఊళ్ళో నేను తప్ప అందరూ దీన్ని చెబుతున్నారు. చెప్పినప్పుడల్లా జనం పదిమంది చొప్పున పెరుగుతున్నారు. నేనే చెబితే అరవై దగ్గరైనా ఆగుతుంది.

నేను ఏలూరులో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. అప్పట్లో మా రీడింగు హాలుకు ఏసీ వచ్చింది. ఏసీతో పాటు తలుపు నెత్తిన డోర్ క్లోజర్ వచ్చింది. మీరూ చూసే ఉంటారు. మోచెయ్యి మడిచినట్టు ఒక ఇనుప చెయ్యి, దాని పక్కన ఒక డబ్బా. డబ్బాలో స్ప్రింగు, నూనె ఉంటాయి. తలుపు తోస్తే స్ప్రింగు బిగుసుకుంటుంది. వదిలేస్తే తలుపును మళ్ళీ వెనక్కి తెస్తుంది. దఢాలున పడకుండా నూనె ఆపుతుంది. ఉండిపోదామనుకుంటున్న చుట్టాన్ని సాగనంపే ఇల్లాలిలా, తొందరపడకుండా, మర్యాదగా, కచ్చితంగా మూస్తుంది.

నాకు అది తెగ నచ్చింది. నచ్చినదాని గురించి చదవడం నా జబ్బు. ఏ స్క్రూ తిప్పితే వేగం తగ్గుతుందో, ఏది తిప్పితే చివరి అంగుళం గట్టిగా పడుతుందో అంతా చదివాను. అప్పుడు నాకు ముప్పై రెండేళ్ళు. ఆ వయసులో చదివినదాన్ని ఎక్కడో ఒకచోట బిగించకపోతే నిద్ర పట్టదు.

బిగించడానికి మామయ్య గారి ఇల్లు దొరికింది. ఆయనకు తలుపు వేసే అలవాటు లేదు. తెల్లవారుజామునే, చేపలు గాలి కోసం పైకి తేలాయేమో చూడాలని చెరువు మీదికి వెళ్ళేవారు. వెళ్తూ తలుపు బార్లా తీసి వెళ్ళేవారు. చెరువుల మీది దోమలన్నీ ఆ తలుపులోంచే వచ్చేవి. ఒకసారి కుక్క కూడా వచ్చి నా మంచం కింద పడుకుంది. దాని తప్పు లేదు, రమ్మన్నట్టే ఉంటుంది ఆ గుమ్మం.

తర్వాతి ఆదివారం ఏలూరు నుంచి డోర్ క్లోజర్ తీసుకెళ్ళాను. దానితో పాటు, తలుపు పడగానే తనంతట తనే పడే తాళం కూడా. ఊళ్ళో వడ్రంగి సూర్యారావు రెండూ బిగించి, స్టూలు దిగి, నా వైపు చూశాడు.

"ఒక్క మాటండి. బయటికెళ్ళిన మనిషి లోపలికెలా వస్తారండి?"

"తాళంచెవి ఉంటుంది కదా."

"ఉంటుందండి. లోపలుంటుందండి."

నేను నవ్వి ఊరుకున్నాను. చదువుకున్నవాళ్ళు ఇలాంటి చోట నవ్వి ఊరుకుంటారు. మామయ్య గారు మాత్రం నాలుగుసార్లు తలుపు తీసి, అది మూసుకోవడం చూసి, వీధిలో వాళ్ళను పిలిచి చూపించారు. ఏలూరు బస్సులో కూర్చున్నంత సేపూ నా మనసు నిండుగా ఉంది.

తర్వాత ఎప్పుడు వెళ్ళినా గుమ్మం పక్కన ఒక రుబ్బురోలు పొత్రం కనిపించేది. నన్ను చూడగానే మామయ్య గారు దాన్ని కాలితో పక్కకు తోసేవారు. ఇదెందుకని ఒకసారి అడిగాను. "దానికీ కాస్త విశ్రాంతి ఉండాలి కదండీ అల్లుడు గారూ" అన్నారు. యంత్రాల మీద కూడా ఎంత దయ అనుకున్నాను.

రెండేళ్ళకు ఆయన చెరువు గట్టు మీదే పోయారు. గుండె. మేత గోనె పక్కన కూర్చున్నట్టే ఉన్నారట. నాకు నాన్న చిన్నప్పుడే పోయారు. ఏం చదువుతున్నావని నన్ను అడిగి, జవాబు చివరిదాకా విన్న పెద్దమనిషి ఈయనొక్కరే. ఆ వేళ నేను బాగా ఏడవాలనుకున్నాను. నాకు ఆ తీరిక దొరకలేదు.

మా ఆవిడ సుజాతకు అప్పుడు ఆరో నెల. కడుపుతో ఉన్న మనిషి చావు ఇంట్లో ఉండకూడదని పెద్దలు ఆమెను ఎదురింట్లో, సత్యం గారింట్లో, కూర్చోబెట్టారు. ఆమె మొగుడు శ్మశానానికి వెళ్ళకూడదు. కాబట్టి నన్ను ఇంట్లో ఉంచారు. మా బావమరిది శ్రీను తలకొరివి కుండ పట్టుకుని ముందు నడిచాడు, మగవాళ్ళు వెనక వెళ్ళారు. ఆడవాళ్ళు హాలు కడిగి, ఆయన్ను పడుకోబెట్టిన చోట బియ్యం పోసి, ప్రమిదలో దీపం పెట్టి, కాలువకు స్నానానికి బయలుదేరారు. అత్తయ్య గారు వెళ్తూ వెళ్తూ నాకు ఒకటే మాట చెప్పారు.

"దీపం జాగ్రత్తండీ. వాళ్ళొచ్చి చూడాలి."

మా వైపు సంగతి తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. శ్మశానానికి వెళ్ళినవాళ్ళు స్నానం చేసి తడిబట్టలతో తిరిగి ఆ ఇంటికే వస్తారు. గుమ్మంలో నిలబడి దీపం చూస్తారు. చూశాకే ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్తారు. చూడకుండా వెళ్ళరు. వాళ్ళొచ్చేలోపు దీపం కొండెక్కితే ఆ ఇంటికి ఇక చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

ఆ దీపాన్ని నేను ఎంత శ్రద్ధగా చూసుకున్నానో వినండి. గాలి తగలకుండా కిటికీలన్నీ మూసి గడియలు పెట్టాను. పిల్లి రాకుండా పెరటి తలుపుకు లోపల గొళ్ళెం వేశాను. అప్పుడు చూస్తే ప్రమిదలో నూనె తగ్గింది. నూనె డబ్బా వసారాలో ఉంది. లేచి, తలుపు తీసి, ఆరడుగులు నడిచి డబ్బా అందుకున్నాను. తలుపు పడకుండా అడ్డుపెట్టే ఆ పొత్రాన్ని హాలు కడిగిన ఆడవాళ్ళు ఎక్కడికో జరిపేశారు. నా వెనక తలుపు తొందరపడకుండా, మర్యాదగా వచ్చి మూసుకుంది. చివరి అంగుళం గట్టిగా పడింది. ఆ స్క్రూ తిప్పింది నేనే.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు. దీపం ఇంట్లో ఉంది, తాళంచెవి ఇంట్లో మేకుకు ఉంది, నేను నూనె డబ్బాతో బయట ఉన్నాను. ఇక ఏం చక్కబెట్టను?

తలుపు తోశాను. చుట్టూ తిరిగి ప్రతి కిటికీనీ లాగాను. నా చేత్తో నేను వేసిన గడియలు ఒక్కటీ వదల్లేదు. నేను అంత గట్టి పనివాణ్ణని అప్పుడే తెలిసింది. ఏలూరులో తాళాలు తీసేవాడికి ఫోన్ చేస్తే గంటన్నరలో వస్తానన్నాడు. ఆ నూనె అరగంటకు మించి రాదు. ఎదురింటి కిటికీలోంచి చూస్తున్న సుజాత ఫోన్ చేసింది.

"మళ్ళీ ఆ తలుపేనా?"

ఆ 'మళ్ళీ' అన్న మాటలో ఏముందో నాకు అప్పుడు తట్టలేదు.

ముందు ఆడవాళ్ళు వచ్చారు. అత్తయ్య గారు తడి తలతో గుమ్మం ముందు నిలబడి, దీపం ఉందా అని అడిగారు. ఉందన్నాను. మరి తలుపెందుకు వేశారన్నారు. గాలికి కొండెక్కుతుందని వేశానన్నాను. "మంచి పని చేశారండీ" అని, ఆమె అరుగు మీద కూర్చున్నారు. ఎవరైనా తిడితే బాగుండునని అంతగా నేను ఎప్పుడూ కోరుకోలేదు.

అంతలో మగవాళ్ళు వచ్చారు. అరవై మంది. బట్టల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. శ్రీను ముందుకొచ్చి తలుపు తోసి, నా ముఖం చూసి, నా చేతిలోని నూనె డబ్బా చూశాడు. ఇక నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

శ్రీను కాలెత్తాడు. "తంతే ఊడొస్తుంది బావా, తప్పుకో."

"వద్దు నాన్నా" అన్నారు అత్తయ్య గారు, కూర్చున్న చోటి నుంచే. "ఆయన దాటి వెళ్ళిన గుమ్మం. ఇవాళ దాని మీద దెబ్బ పడకూడదు."

శ్రీను కాలు దించాడు. వీధంతా చలికి వణుకుతోంది. ఒక ముసలాయన తుమ్మారు. లోపల నూనె తగ్గుతోంది. నాకు అది కనిపించడం లేదు, అంతకన్నా ఘోరంగా వినిపిస్తున్నట్టుంది.

చివరికి మామయ్య గారితో కలిసి చేపల చెరువు చేసిన వీర్రాజు గారు, తలుపు పైనున్న వెంటిలేటర్ వైపు చూస్తూ గొంతు సవరించుకున్నారు.

"దీపం చూడాలన్నారు గానీ, గుమ్మంలోంచే చూడాలని ఎక్కడా లేదు కదండీ."

అరనిమిషంలో నిచ్చెన వచ్చింది. దాన్ని పట్టుకునే భాగ్యం నాకు దక్కింది. ముందు వీర్రాజు గారు ఎక్కారు. వెంటిలేటర్ అద్దంలోంచి చూసి, ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, రెండో చేత్తో దండం పెట్టి దిగారు. తర్వాత సత్యం గారు ఎక్కారు. ఆయన వెనక సూర్యారావు. ఎక్కినవాళ్ళు కింద ఉన్నవాళ్ళకు కబురు చెబుతున్నారు. వెలుగుతోందని వీర్రాజు గారు, వెలుగుతోంది గానీ కాస్త చిన్నదైందని సత్యం గారు. సూర్యారావు మాత్రం దిగుతూ తన పనితనాన్ని, తలుపు నెత్తినున్న ఆ డబ్బానూ ఒకసారి చూసుకున్నాడు. ముగ్గురి బట్టల్లోంచీ కాలువ నీళ్ళు వరసగా నా నెత్తిన పడ్డాయి. శ్మశానానికి వెళ్ళకుండానే నాకు స్నానం పూర్తయింది.

దిగిన ముగ్గురూ నా ముఖం చూడకుండా గబగబా ఇళ్ళకు వెళ్ళిపోయారు. అసహ్యించుకున్నారనుకున్నాను. న్యాయమే అనుకున్నాను. నాలుగో ఆయన బరువు మనిషి, సగం మెట్ల మీద ఆయాసపడుతూ ఆగిపోయారు. పైకి తొయ్యడమా, కిందికి దించడమా అని కింద చర్చ జరుగుతోంది.

అప్పుడు కాలువ గట్టు వైపు నుంచి సూర్యారావు, బస్టాండు వైపు నుంచి వీర్రాజు గారు, ఎదురింట్లోంచి సత్యం గారు, ముగ్గురూ ఇంచుమించు ఒకేసారి తిరిగి వచ్చారు. ముగ్గురికీ కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది. నిచ్చెన దగ్గర ఒకరినొకరు చూసుకుని ఆగిపోయారు.

"మీకు కూడానా అండీ?" అన్నారు సత్యం గారు.

వీర్రాజు గారు పిడికిలి విప్పారు. తాళంచెవి. తక్కిన ఇద్దరూ విప్పారు. మూడూ ఒకే తాళానివి.

నేనే అడిగాను, ఇవి మీ దగ్గరెందుకున్నాయని. వీర్రాజు గారు నేల వైపు చూస్తూ చెప్పారు.

"తెల్లారుజామున చెరువు మీదికని బయటికొచ్చేవారండి. కండువా మర్చిపోయానని వెనక్కి తిరిగేసరికి ఇది పడిపోయేదండి. లోపల నిద్రపోతున్న అక్కయ్య గారిని లేపడం ఇష్టముండేది కాదు. మా అరుగు మీద పడుకునేవారు. తర్వాత మా ముగ్గురికీ తలోటీ ఇచ్చినట్టున్నారండి. నా ఒక్కడికే ఇచ్చారనుకున్నా."

"తీయించెయ్యమని నాతో ఒక్క మాట అనలేకపోయారా?"

"అల్లుడు ముచ్చటపడి పెట్టించాడు, చిన్నబుచ్చుకుంటాడన్నారండి. మీకు తెలియనివ్వొద్దని ఒట్టేయించుకున్నారు. అయినా ఇంటికెళ్ళి తేవాలంటే ముందు దీపం చూడాలి కదండీ."

తలుపు తెరుచుకుంది. వత్తి కొసన ఒక చిన్న నీలిచుక్క మిగిలి ఉంది. నూనె పోశాను. తొందరలో సగం బియ్యంలో పడింది. మిగిలిన సగానికి మంట మెల్లగా నిలబడింది. సూర్యారావు తలుపును వీపుతో ఆపి నిలబడితే, మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే గుమ్మంలోకి వచ్చి చూసి వెళ్ళారు. అంతా వెళ్ళేసరికి చీకటి పడింది. అప్పుడు కూర్చుని ఏడ్చాను. ఎందుకో ఎవరూ అడగలేదు, అడిగితే ఏ కారణం ముందు చెప్పేవాణ్ణో నాకూ తెలియదు.

పదో రోజున అత్తయ్య గారి మెడలోంచి తీసిన సూత్రాలను శ్రీను ఒక గుడ్డలో పెట్టి, బీరువాలో పెట్టమని నా చేతికిచ్చాడు. గుడ్డ కాస్త విడిపోయింది. పసుపు తాడుకు రెండు పిన్నీసులు. ఒక పిన్నీసుకు తాళంచెవి. ఆ తాళానిదే.

మామయ్య గారిని సాగనంపిన ఆ సాయంత్రమంతా ఆమె ఆ గుమ్మం ముందే, ఆ అరుగు మీదే కూర్చుని ఉన్నారు. మరి ఈ తాళంచెవి సంగతి చెప్పలేదేమని, అడగకూడదని తెలిసీ అడిగాను.

"ఆ పూట నాకు మెడ ఉందన్న సంగతే గుర్తు లేదండీ" అన్నారు.

కాసేపటికి, ఆ స్ప్రింగు తీయించెయ్యనా అని అడిగాను.

"అయ్యో, ఉండనివ్వండీ. మీరు పెట్టించింది. మాకేం ఇబ్బందండీ."

ఆ ఇంటికి అల్లుణ్ణయి అప్పటికి మూడేళ్ళు కావస్తోంది. ఆ ఇంటి భాష నాకు మొదటిసారి అర్థమైంది. స్టూలు తెచ్చుకుని, సూర్యారావును కూడా పిలవకుండా నేనే ఊడదీశాను. అత్తయ్య గారు వద్దనలేదు. స్టూలు కదలకుండా పట్టుకున్నారు.

అందుచేత నేను ఈ విధంగా ప్రమాణం చేస్తున్నాను. నా ప్రాణం ఉండగా ఏ ఇంటి గడపకూ నా చేతుల మీదుగా స్ప్రింగు ఎక్కదు. ఒకవేళ ఎక్కించాల్సి వస్తే ఆ ఇంటి పెద్దను ముందుగా మూడుసార్లు అడుగుతాను. ఆయన మూడుసార్లూ నవ్వుతూ "మీ ఇష్టమండీ" అంటే, వద్దన్నారని అర్థం చేసుకుని, పెట్టె విప్పకుండా ఏలూరు బస్సెక్కుతాను.