బొత్తామంత చోటు

మా పెద్దమ్మ టైలరు. తనకంటే వయసులో పెద్దదైన కారు కొని, ఇంటి ముందే పెయింటర్‌ని పెట్టి నీలం రంగు వేయించింది. "గోరంత చోటు కూడా వదలొద్దు" అని అతన్ని సతాయించింది.

రంగు ఆరాక తాళం తిప్పితే కారు టక్కుమని ఊరుకుంది. లైట్లు వెలుగుతున్నాయి కానీ, తాళం తిప్పినప్పుడల్లా మసకబారుతున్నాయి.

"బ్యాటరీ పోయినట్టుంది వదినా. ఈ డొక్కుని అమ్మేయండి" అన్నాడు మా నాన్న.

"మొన్నే కొత్తది వేయించాను. డొక్కు అనకుండా టార్చి పట్టుకోండి మరిదిగారూ."

కుట్టుమిషను ఆగితే మోటారును తిట్టే ముందు సూది నుంచి రీలు దాకా దారం వెంట వేలు నడపడం ఆమె అలవాటు. ఇక్కడా అంతే. బ్యాటరీ దగ్గర మొదలైన నల్ల వైరు వెంట వేలు పోనిచ్చింది. అది కారు ఒంటికి బిగించిన చోట బోల్టు విప్పింది. ఇనుముకి ఇనుము తగలాల్సిన చోట నున్నగా నీలం రంగు ఉంది. లైట్లకు చాలే కాస్త కరెంటు తప్ప, ఇంజను తిప్పేంత కరెంటు దాటే దారి లేదు.

"గోరంత కూడా వదలొద్దన్నది మీరేగా" అని నాన్న నవ్వాడు.

పెద్దమ్మ ఒక్క క్షణం ఆ రంగును చూసుకుంది. తర్వాత గరుకు కాగితం తీసుకుని, ఇనుము తళుక్కుమనేదాకా తనే గీకి, బోల్టు బిగించింది. ఈసారి తాళం తిప్పగానే ఇంజను అందుకుంది.

ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా కారు మెరుపు చూపించదు. బానెట్ ఎత్తి, ఆ బోల్టు చుట్టూ బొత్తామంత చోటు చూపిస్తుంది.

"రంగు పెయింటరు వేశాడు. ఇది నేను గీకాను."