పడవ వెనక్కి వచ్చే కథ

మా విల్లాలో ముందు గదిలో ఉండే డ్రైవరన్న ఇక లేరు. సెలవు మీద కడప జిల్లాలోని సొంతూరికి వెళ్ళిన పదో రోజున గుండె ఆగిందని, ఆయన గదిలోనే ఉండే ఇంకో డ్రైవరు వచ్చి చెప్పాడు. అప్పుడు బియ్యం కడుగుతున్నాను. గిన్నె అలాగే వదిలేసి నా కూతురికి చెప్పడానికి లోపలికి వెళ్ళాను.

ఈ అరబ్బు దేశంలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒకే విల్లాను పంచుకుని ఐదారు సంసారాలం ఉంటాం. ఆయన ఒక అరబ్బు ఇంట్లో హౌస్ డ్రైవర్. ఆ ఇంటి అమ్మాయి పైచదువుకు వెళ్తూ పారేయమన్న జపాన్ బొమ్మల పుస్తకాలను అట్టపెట్టెతో సహా తెచ్చుకున్నారు. అన్నీ కలిపి ఒకటే దయ్యాల కథ. చనిపోయినవాళ్ళను నది దాటించే పడవవాడు, అతని చెల్లెలు, గొడుగు వేసుకుని తిరిగే కప్ప దయ్యం. ఇంగ్లీషు రాకపోయినా అన్న బొమ్మలు చూసి కథ అల్లుకునేవారు. శుక్రవారం భోజనాలయ్యాక మా గుమ్మం ముందు చేరి నా కూతురిని ప్రశ్నలతో ఊపిరాడనిచ్చేవారు కాదు.

"కప్పకు వాన అంటే ఇష్టం గదా పాపా, గొడుగెందుకు?"

అట్ట మీద పచ్చగా ఉన్న కప్ప, అదే కథతో తీసిన టీవీ సీరియల్లో నీలంగా ఎందుకు మారిందో తేలేదాకా ఆయనకు టీ సయించేది కాదు. "అడిగితే ఏం పోతాది? తెలిసినోళ్ళు చెప్తారు, తెలీనోళ్ళు నవ్వుతారు. రెండూ మంచివే" అనేవారు. బడి నుంచి వచ్చి మూగనోము పట్టే నా కూతురు ఆయన దగ్గర గలగలా మాట్లాడేది. ఆ మేలు నేను మరిచిపోలేను.

ఒకరోజు చివరి పుస్తకం దగ్గర ఇద్దరికీ వాదన వచ్చింది.

"పడవలో అవతలికి పోయిన ఆ చెల్లెలు పిల్ల మళ్ళా ఇవతలికొచ్చి, ఇంట్లో కూర్చోని అన్నం తింటాది" అన్నారు ఆయన.

"లేదు మామయ్యా! అన్నం తిని, పడవెక్కి వెళ్ళిపోతుంది. ఇవి కుడివైపు నుంచి చదవాలి. నువ్వు మొత్తం వెనక నుంచి చదివావు!"

నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. పుస్తకాన్ని కుడివైపు నుంచి ఒక్కో పేజీ తిప్పుతూ చివరిదాకా చూశారు.

"అయితే పోయినట్టేనా?" అని అడిగారు. పుస్తకం మూసి, "నా చెల్లెలు పోయినప్పుడు సెలవు దొరకలేదమ్మా. పిడికెడు మట్టి గూడా వెయ్యలేకపోయినా" అన్నారు. నా నవ్వుకు నేనే సిగ్గుపడ్డాను.

తర్వాత ఆయన టీవీ సీరియల్ మొత్తం చూశారు. అందులో పడవ నది మధ్యలో ఉండగా కథ ఆపేశారు. అన్నకు ప్రాణం లేచొచ్చింది. సినిమా కూడా వస్తోందని తెలిసి, "కప్ప రంగు మార్చినోళ్ళు, పిల్లను ఇంటికి తేలేరా?" అన్నారు. ఊరికి వెళ్తూ, "నేనొచ్చేదాకా చూడాకండి, ముగ్గురం పోదాం" అని మరీ చెప్పారు.

పోయిన శుక్రవారం ఆయన లేకుండా మేమిద్దరమే సినిమాకు వెళ్ళాం. మాటలు అర్థం కాక, కింద పరుగెత్తే అక్షరాలు అందక, నేను బొమ్మలు చూస్తూ కూర్చున్నాను. పడవవాడి చెల్లెలు పడవెక్కింది. పడవ నది మధ్యకు వచ్చేసరికి నా కూతురు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పడవ ఆగలేదు, వెనక్కీ తిరగలేదు. పిల్ల అవతలి ఒడ్డున దిగి వెళ్ళిపోయింది.

"అమ్మా" అంది నా కూతురు కళ్ళు తుడుచుకుంటూ, "మామయ్యకు చెప్పొద్దు."

సరేనన్నాను. తెర మీద పేర్లు పడుతున్నాయి. వాటి వెనక ఖాళీ పడవ ఒడ్డుకు ఆనుకుని మెల్లగా కదులుతోంది.