పోలమ్మ కొడుకుల రాయి

కృపామణి ఎడమ అరచెయ్యి రాతి మీద ఆనించి, కుడి చేత్తో చిన్న సుత్తి పట్టుకుని అంచు వెంబడి కొట్టుకుంటూ పోతోంది. దెబ్బదెబ్బకీ చెవి ఒగ్గి వింటోంది. నాపరాయి పొరల రాయి. పొరలు కలిసి ఉంటే కంచు గిన్నెలా మోగుతుంది. లోపల ఎక్కడైనా విడిపోయి ఉంటే తడిసిన చెక్కలా మొద్దుగా పలుకుతుంది. అలా పలికిన రాతి మీద ఆమె ఉలి పెట్టదు, తెచ్చినవాళ్లు ఎంత బతిమాలినా సరే. ఈ రాయి మూల నుంచి మూలకు మోగింది.

అందుకు ఆమె సంతోషించలేదు. రాయి మొద్దుగా పలికితే పని కొన్నాళ్లు వెనక్కి పోయేది. ఈలోగా పోలమ్మ మనసు మార్చుకునేదేమో. ఆ రాయి పోలమ్మ కొడుకులిద్దరి సమాధికి.

అది ఎనభై ఆరు ఎండాకాలం. గురజాల నుంచి మాచర్ల పోయే దారిలో, క్వారీల మధ్య ఒక ఊరు. పోలమ్మ కొడుకులు ఏసుపాదం, రాజరత్నం అక్కడ బాలకోటయ్య క్వారీలో రాయి తీసేవాళ్లు. బాలకోటయ్య మనుషులు ఒకణ్ణి నరికి చంపడం అన్నదమ్ములు చూశారు. నరసరావుపేట కోర్టులో ఆ సంగతి చెబుతామన్నారు. వాయిదాకు ముందురోజు ఇద్దరూ పాడుబడ్డ క్వారీ గుంతలో శవాలై కనిపించారు. తాగి పడ్డారని బాలకోటయ్య మనుషులు ఊరంతా చెప్పారు. కాదన్నవాళ్లు లేరు.

అన్నదమ్ములది ఊరవతలి క్రైస్తవుల పేట. ఆ పేట శ్మశానానికి దారి బాలకోటయ్య చేలోంచి పోతుంది. ఆ పొద్దున దారికి అడ్డంగా ముళ్లకంప వేసి ఉంది. శవాలు మోసినవాళ్లు కంప వైపు చూశారు గానీ, దాని మీద చెయ్యి వేయలేదు. వెనక్కి తిరిగి, బస్సు రోడ్డు పక్క గుట్ట మీద, రాతినేలలో గడ్డపార దిగినంత మేరకు తవ్వి, పూడ్చి, తల వంచుకుని ఇళ్లకు పోయారు.

పోలమ్మ పోలేదు. గోనెపట్టా పరుచుకుని అక్కడే కూర్చుంది. పైనున్న మట్టి పలచన. కుక్కలు వస్తే రాళ్లు విసిరింది. రాబందులు దిగితే కొంగు విదిలించి లేపింది. పెద్ద వాన వస్తే ఆ మట్టి నిలవదని ఆమెకూ తెలుసు, పేటకంతా తెలుసు. పిచ్చెక్కిందన్నారు. పిచ్చి కాదని కృపామణికి ఒక్కదానికే తెలుసు.

పేట చర్చిలో స్త్రీల సమాజం మంగళవారం మధ్యాహ్నం కూడేది. ఫిలోమినా టీచర్ బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చేది. అందులో బైబిల్లోని ఆడవాళ్ల పేర్లు రాసిన చీటీలుండేవి. ఎవరికి ఏ పేరు వస్తే వాళ్లు పైవారం లేచి నిలబడి ఆమె గురించి చెప్పాలి. రూతు, ఎస్తేరు వచ్చినవాళ్లకు సంబరం. వాళ్ల కథలు అందరికీ తెలుసు కాబట్టి కష్టం లేదు. రిస్పా పేరు వస్తే మొహాలు మాడేవి. ఆ చీటీ తీసినవాళ్లింట్లో పిల్లలు దక్కరని ఒక మాట పుట్టింది. వచ్చినామె చూడనట్టే మడిచి మళ్లీ డబ్బాలో వేసేది. అలా తిరిగి తిరిగి అది కృపామణికి వచ్చింది. ఆమె వెనక్కి వేయలేదు. ఒప్పుకున్న రాయిని తిప్పి పంపడం ఆమెకు అలవాటు లేదు.

కృపామణికి చదువు రాతి మీద వచ్చింది. భర్త ప్రకాశం బొగ్గుతో అక్షరం గీస్తే ఆమె ఉలితో చెక్కేది. రాతి దుమ్ము రొమ్ముకు పట్టి ఆయన మంచాన పడ్డాక గీయడం కూడా ఆమెకే వచ్చింది. చేత్తో ఏళ్ల తరబడి చెక్కిన గుర్తులు పక్కపక్కన పెడితే మాటలవుతాయని తర్వాత ఎప్పుడో తెలుసుకుంది. ప్రకాశం పోయాక మొదట్లో వేరే దిక్కులేక జనం ఆమె దగ్గరికి రాళ్లు తెచ్చారు. తర్వాత ఆమె అక్షరం బాగుంటుందని తెచ్చారు. ఇంటి గడపల మీద పేర్లు, బావి ఒరల మీద తారీకులు, సమాధుల మీద శిలువలు, అన్నీ ఆ చేతులే చెక్కాయి.

చీటీ వచ్చిన వారమంతా ఆమె బైబిలు మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివి, మంగళవారం నిలబడి చెప్పింది. సౌలు రాజు ఉంచుకున్న మనిషి రిస్పా. రాజు పోయాక, ఆయన చేసిన రక్తపు తప్పుకు బదులుగా ఆమె ఇద్దరు కొడుకుల్నీ, ఇంకో అయిదుగురినీ చంపి కొండ మీద వేలాడేశారు. యవల కోత మొదలైన రోజులవి. రిస్పా బండ మీద గోనెపట్టా పరుచుకుని వాన పడేదాకా అక్కడే ఉంది. పగలు పక్షుల్ని, రాత్రి మృగాల్ని దగ్గరికి రానివ్వలేదు. ఆమె ఒక్క మాటైనా మాట్లాడినట్టు ఎక్కడా లేదు. సంగతి దావీదు రాజు చెవిన పడింది. ఎముకలు ఏరించి మర్యాదగా సమాధి చేయించాడు.

అంతే చెప్పి కృపామణి కూర్చుంది. వెనక చాప మీద పోలమ్మ కూడా ఉంది. అప్పటికి ఆమె కొడుకులు బతికే ఉన్నారు.

అన్నదమ్ములు పోయాక, పంపు దగ్గర బిందెలు దించుకుంటూ పేటలోని రాములమ్మ అందరూ వినేలా అంది, చీటీ తీసింది ఒకతయితే చావు ఇంకొకతె ఇంటికి పోయిందని. కృపామణి బిందె ఎత్తుకుని వచ్చేసింది. బిందె ఇంట్లో దించి గుట్టకు పోయింది. పోలమ్మ ఆమెను చూసి పట్టా మీద చోటిచ్చింది.

"నువ్వు చెప్పిందే చేస్తన్నానమ్మాయ్," అంది. "ఆమెకు రాజొచ్చాడు. నాకు రాజెవురూ వద్దు. రాయి చాలు. నా పిల్లల పేర్లు, పోయిన తారీకు. బస్సులో పొయ్యేవాళ్లకు కనపడాల."

ఆ తారీకు చూస్తే అది వాయిదాకు ముందురోజని చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికైనా తెలుస్తుంది. కృపామణి అక్షరాలూ అంకెలూ వేళ్ల మీద లెక్కపెట్టింది. చెక్కుతానని ఒప్పుకుంది.

రాతి మీద ఎర్రటి జాజు నీళ్లలో ముంచిన దారంతో గీతలు కొడుతుండగా గురునాథం వచ్చాడు. బాలకోటయ్య గుమాస్తా. ఎప్పుడూ గొంతు పెంచడు.

"ఏంది కృపమ్మా, ఎవురిదీ రాయి?" తెలిసే అడిగాడు.

"పోలమ్మక్క పిల్లలదయ్యా."

అతను గొంతుక్కూర్చుని, వరసగా పెట్టిన ఉలుల్లో ఒకటి తీసి పదును బొటనవేలితో చూశాడు. రాయి పెట్టుకుంటే బాలకోటయ్యకు కోపమేమీ లేదన్నాడు. కన్నతల్లి కదా, పెట్టుకోనిమ్మన్నాడు. శిలువ చెక్కు, వాక్యం చెక్కు, పేర్లూ తారీకూ మాత్రం వద్దన్నాడు.

"నేను పోలమ్మకేం చెప్పాల?"

"పేర్లు చెక్కబోతే రాయి పగిలిందను. నాపరాయేగా, పగిలిద్ది. ఎవురూ నిన్ననరు."

"ఇది పగలదయ్యా. కొట్టి చూశా."

"నువ్వంటే పగిలినట్టే."

"పగలని రాయి పగిలిందని నేనింతవరకూ చెప్పలా," అంది కృపామణి. "ఒకసారి చెప్తే రేపు నిజంగా పగిలినప్పుడు ఎవురు నమ్ముతారు నన్ను?"

గురునాథం నవ్వాడు. ఆమె మొహం వైపు కాదు, చేతుల వైపు చూస్తూ లేచాడు. "పది వేళ్లూ ఉండబట్టేగా బతుకుతున్నావు. జాగర్త," అన్నాడు. పోతూ చేతిలోని ఉలి వెంట పట్టుకుపోయాడు.

తర్వాత కమ్మరి నాగూర్ వలి ఆమె ఉలులు కాల్చి సాగగొట్టడం మానేశాడు. కృపామణి పోయేసరికి కొలిమి చల్లారి ఉండేది. రెండోసారి పోయినప్పుడు అతను తలెత్తకుండా అన్నాడు, "కొలిమి ఈడ్నే ఉంది వదినా. నేను మాత్రం లేననుకో." ఆమె ఉలులు తీసుకుని వెనక్కి తిరిగింది. అతనికీ ఇల్లుంది. ఇంటికి వచ్చి ఇసుకరాయి మీద నీళ్లు చల్లుకుంటూ ఉలులు అరగదీసుకుంది. అలా పెట్టిన పదును త్వరగా పోతుంది. మొద్దు ఉలితో గట్టిగా కొడితే పొర లేచిపోతుంది. అప్పుడు గురునాథం చెప్పిన అబద్ధం నిజమైపోతుంది. అందుకని దెబ్బ తగ్గించి, నాలుగు దెబ్బల పని పది దెబ్బల్లో చేసింది.

సాయంత్రాలు సందు మొదట్లో జీపు వచ్చి ఆగేది. ఎవరూ దిగేవారు కాదు, ఇంజను ఆపేవారు కాదు. ఇంట్లో సుత్తి మోగుతున్నంతసేపూ బయట జీపు మోగేది. పక్కింటివాళ్లు తలుపులు వేసుకునేవారు. కృపామణి తలుపు వేస్తే వెలుతురు చాలదు. తీసే ఉంచింది.

సమాధి రాతి మీద అక్షరం జొన్నగింజ దిగేంత లోతుంటే చాలు. ఆమె దానికి రెండింతలు దింపింది. నేలలోకి దిగే అడుగు భాగం మీద కూడా అవే పేర్లు, అదే తారీకు చెక్కింది. ఎవరైనా పైన చెక్కేసినా కింద మట్టిలో ఉంటాయి. ఆఖరి అంకె పూర్తయ్యేసరికి పడమర నల్లగా మబ్బు పట్టింది, ఉడుకు గాలి మొదలైంది.

రాయి గుట్టకు చేర్చాలి. రాములమ్మ మొగుడికి ఎడ్లబండి ఉంది. చక్రం సరిగ్గా లేదన్నాడు. చక్రం బాగానే ఉంది. కృపామణి గునపం పెట్టి రాయిని ఒక్కతే వాకిట్లోకి జరుపుకుంటుంటే, ఫిలోమినా టీచర్ మోకు తాళ్లు పట్టుకుని వచ్చింది. వెనక సమాజం ఆడవాళ్లు. అందరికంటే వెనక, భుజాన వెదురుబొంగు పెట్టుకుని రాములమ్మ.

"ఏమ్మా, చూస్తా నిలబడ్డారేంది, పట్టండి," అంది రాములమ్మ. టీచర్ తాడు చుట్టడం చూసి, "టీచరమ్మా, అది చాక్‌పీసు కాదు. వేళ్లు నలుగుతయ్, తియ్యండి," అని తనే ముడి వేసింది. చీటీ మాట ఎవరూ ఎత్తలేదు.

బొంగులకు కట్టి మోసుకుంటూ రోడ్డెక్కారు. జీపు వాళ్ల వెనకే నడక వేగంతో వచ్చింది. హారన్ కొట్టలేదు, దాటిపోలేదు. వాళ్లు ఊపిరి తీసుకోవడానికి రాయి దించితే అదీ ఆగింది. మొదట మాట్లాడుకుంటూ నడిచినవాళ్లు తర్వాత వెనక్కి చూసుకుంటూ నడిచారు. ఒకామె బొంగు ఇంకొకామెకు ఇచ్చి, ఏడుస్తూ ఇంటికి పోయింది. మిగతావాళ్లు రాయి ఎత్తుకున్నారు.

గుట్ట మీద పోలమ్మ లేచి నిలబడింది. కృపామణి రాయి అడుగుకు గుంత తవ్వి, అక్షరాలు రోడ్డు వైపుకు వచ్చేలా నిలబెట్టించి, పక్కల్లో చిన్న రాళ్లు దిగ్గొట్టింది. భుజంతో నెట్టి చూసింది. కదల్లేదు. కింద జీపు తలుపులు తెరుచుకున్న చప్పుడైంది. గురునాథం, ఇంకో ముగ్గురు దిగి, రోడ్డు అంచున నిలబడి పైకి చూస్తున్నారు. పోదామని ఎవరో గొణిగారు. రాములమ్మ పోయి పోలమ్మ గోనెపట్టా మీద ఒక చివర కూర్చుంది. మిగతావాళ్లు ఆమె పక్కనే, పట్టా చాలక వట్టి బండ మీద కూర్చున్నారు.

రాయి అప్పజెప్పడానికి రాతి పనివాళ్లలో ఒక పద్ధతి ఉంది. చెక్కినవాళ్లు నీళ్లు పోస్తారు. సొంతదారు అరచేత్తో దుమ్ము తుడిచి, ముట్టిందని పదిమందిలో చెబుతారు. అంతవరకూ రాయి చెక్కినవాళ్లది, మంచైనా చెడైనా వాళ్లదే. చెప్పాక సొంతదారుది, ఎవరేం అడగాలన్నా సొంతదారునే అడగాలి.

కృపామణి ముంతతో నీళ్లు పోసింది. తడిసిన రాతి మీద ఏసుపాదం, రాజరత్నం, తారీకు నల్లగా తేలాయి. పోలమ్మ పై అంచు నుంచి కింది అంచు దాకా, ఎక్కడా వదలకుండా అరచేత్తో తుడిచింది. కింద ఉన్నవాళ్ల వైపు తిరిగింది.

"రాయి నాకు ముట్టింది," అంది.

కృపామణి సుత్తి, ఉలులు గుడ్డలో చుట్టి పక్కకు జరిగింది.