సెంటు కొట్టిన గులాబీ

ఆస్పత్రిలో అందరూ ఆమెను కట్ల సిస్టర్ అనేవారు. కాలిన గాయాలు, చీము పట్టిన పుళ్ళు, ఆపరేషన్ కుట్లు, ఏవైనా సరే, కట్టు విప్పి, కడిగి, మళ్ళీ కట్టు కట్టడం ఆమె పని. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆమె బట్టల్లోంచి ఫినాయిలు వాసన, వేళ్ళ సందుల్లోంచి స్పిరిటు వాసన వదల్లేదు. ఎంత సబ్బు రుద్దుకున్నా, ముద్ద నోటి దగ్గరికి వచ్చేసరికి ముందు ఆ వాసనే తగిలేది. “నా ముక్కుని ఆస్పత్రికి రాసిచ్చేశాను” అని తోటి నర్సులతో నవ్వేది. నవ్వేది గానీ, అది ఆమెకు నవ్వులాటేం కాదు.

అందుకే రిటైరైన మర్నాడు ఆమె చేసిన మొదటి పని, ఇంటి ముందు ఖాళీగా పడున్న స్థలంలో గునపం దింపడం. భర్త మోటార్లకు వైండింగ్ చేసే మనిషి. మాటలు తక్కువ. వరండాలో స్టూలు మీద కూర్చుని రాగి తీగ చుడుతూ, “వంకాయలు వేద్దామా?” అన్నాడు.

“వంకాయలు బజార్లో దొరుకుతాయి. గులాబీలు వేస్తా. ఎర్రవి. గుమ్మంలోంచే ముక్కుకి తగిలేవి.”

అడిగినంత తేలిగ్గా దొరకలేదు. నర్సరీల్లో ఉన్న ఎర్ర గులాబీలు చూడ్డానికి రాజకుమారుల్లా ఉన్నాయి. హైబ్రిడ్ టీ రకాలు మరి, ఒక్కో పొడుగాటి కాడకీ ఒక్కటే పెద్ద పువ్వు, ఆకులు తళతళలాడుతూ. వంగి వాసన చూస్తే ఏమీ లేదు. గాలి.

“వాసన ఎవరడుగుతున్నారమ్మా ఇప్పుడు? పెట్టెలో పెట్టి పంపితే వాడిపోకూడదు, అంతే” అన్నాడు ఒక నర్సరీ యజమాని.

“మరి ప్లాస్టిక్ పువ్వులు అమ్ముకోవయ్యా, నీళ్ళ ఖర్చు కూడా ఉండదు” అని ఆమె చెప్పులేసుకుని వచ్చేసింది.

చివరికి ఊరి చివర ఒక చిన్న నర్సరీలో, పగిలిన కుండీల వెనక, పేరు చీటీ ఊడిపోయిన మొక్క ఒకటి కనిపించింది. ఆకులకు నల్ల మచ్చ తెగులు. కొమ్మల్లో సగం ఎండిపోయినవే. ఉన్న ఒక్క పువ్వూ వడిలిపోయి తల వేలాడేసింది. అలవాటు కొద్దీ వంగి చూసిందేమో, అలాగే ఉండిపోయింది. మగ్గిన పండు వాసన, దాని వెనక ఎక్కడో లవంగం ఘాటు. లేచేసరికి కళ్ళు తడిసి ఉన్నాయి. ఆ మొక్కను బస్సులో ఒళ్ళో పెట్టుకుని, ముళ్ళు గుచ్చుకుంటున్నా వదలకుండా ఇంటికి తెచ్చుకుంది.

ఆ తర్వాత దాన్ని పేషెంటును చూసుకున్నట్టే చూసుకుంది. తెగులు పట్టిన ఆకులన్నీ ఏరి కాల్చేసింది. ఎండిన కొమ్మలను పచ్చి కనిపించేదాకా కత్తిరించింది. మొదలు చుట్టూ ఎముకల పొడి, పశువుల ఎరువు వేసింది. నీళ్ళు పాదులోకే తప్ప ఆకుల మీద పడనిచ్చేది కాదు. పక్క మొగ్గలు గిల్లేసి కాడకు ఒక్కటే మొగ్గ ఉంచేది. వానలు తగ్గాక మొక్క పుంజుకుని పూసింది. నల్లటి ఛాయ తిరిగిన ఎరుపు, మఖమల్ లాంటి రేకులు. పొద్దున్నే పాలు పోసే మనిషి గేటు దగ్గర ఆగి, “ఏం వండుతున్నారమ్మా?” అని అడిగాడు.

ఒక్క మొక్కతో ఆమెకు తనివి తీరలేదు. నాటు గులాబీ మొదలు మీద బెరడు చీల్చి, ఈ మొక్క కొమ్మ మీంచి చిగురు పొడిచే కన్నొకటి తీసి అందులో దూర్చి కట్టు కట్టడం నేర్చుకుంది. జీవితమంతా కట్లు కట్టిన చేతులు! ఏడాది తిరిగేసరికి ముంగిలంతా ఆ ఎరుపే.

చూసినవాళ్ళంతా పూల ప్రదర్శనకు తీసుకెళ్ళమని వెంటపడ్డారు. ఏటా ఊళ్ళో పూల తోటలవాళ్ళ సంఘం హాల్లో జరుగుతుంది. అందులో ‘సువాసన గల ఎర్ర గులాబీ’కి వేరుగా బహుమతి ఉంది. సంఘం కార్యదర్శికి ఎరువుల దుకాణం ఉంది. ఆయనా గులాబీలు పెంచుతాడు. పోటీ పెట్టేదీ ఆయనే, న్యాయ నిర్ణేతల్లో కూర్చునేదీ ఆయనే, ఆ బహుమతి ఏటా వెళ్ళేదీ ఆయన బావమరిది ఇంటికే. ఇది ఎవరికీ వింతగా తోచకపోవడమే వింత.

ఆ రోజు ఆమె తెల్లవారుతుండగానే, సగం విచ్చిన పువ్వులు మూడు కోసి, బకెట్ నీళ్ళలో నిలబెట్టి తీసుకెళ్ళింది. హాల్లో సీసాలో అమర్చి బల్ల మీద పెట్టగానే జనం చుట్టూ మూగారు. టీ తాగి వచ్చేసరికి ఆమె సీసాకు ఒక చీటీ అంటించి ఉంది: ‘అనర్హం. కృత్రిమ సువాసన.’

రెండుసార్లు చదివింది. తిన్నగా కార్యదర్శి దగ్గరికి వెళ్ళింది.

“ఏంటండీ ఇది?”

“చూడండి సిస్టర్, సరదా సరదాయే, పోటీ పోటీయే. సెంటు కొట్టి తెస్తే ఎలాగ?”

“సెంటా?”

“ఈ కాలంలో ఎర్ర హైబ్రిడ్ టీకి ఇంత వాసన ఎక్కడిదండీ? నేనూ పెంచుతున్నా కదా.”

“మీ పెరట్లో లేనిది ఇంకెవరి పెరట్లోనూ ఉండకూడదా?”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. “మా ఇంటికి రండి. ఇప్పుడే రండి. చెట్టునున్న పువ్వుకి కూడా నేనే సెంటు కొట్టానేమో చూసుకోండి.”

“ఇప్పుడు కుదరదమ్మా. చూద్దాం.”

ఇంకో నిర్ణేత ఆమెను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. “గొడవెందుకు సిస్టర్? ప్రోత్సాహక బహుమతి ఒకటి ఇప్పిస్తాం. తీసుకుని వెళ్ళిపోండి.”

“నేను దొంగనైతే నాకు బహుమతి ఎందుకు? కాకపోతే ఆ చీటీ ఎందుకు?”

ఆమె పువ్వులు తీసుకుని, చీటీని సీసాకే వదిలేసి వచ్చేసింది.

ఇంటికొచ్చాక భర్త అంతా విని, “పోనీలేవే, పువ్వే కదా” అన్నాడు. పాపం, ఓదార్చబోయాడు.

“పువ్వే కదానా? కుళ్ళిన పుండుకి కట్టు మార్చి, బాగుందని ఏనాడూ అబద్ధం చెప్పలేదండీ నేను. ఈ వయసులో సెంటు సీసా పట్టుకుని తిరుగుతానా? అందరి ముందూ నన్ను మోసగత్తెని చేశాడు, మీరేమో పువ్వే కదా అంటారు!”

అతను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఊరు మాత్రం ఎత్తింది. ఆడపడుచు ఫోన్ చేసి, “వదినా, ఎవరికీ చెప్పనులే, కొంచెమైనా కొట్టావా?” అంది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, “ఏ కంపెనీదండీ, మా అమ్మాయి అడగమంది” అని నవ్వింది. హాస్యమే కావచ్చు. ఆమెకు మాత్రం పుండు మీద కారం చల్లినట్టుండేది. రోజూ పొద్దున్నే గేటు తీసిపెట్టి ఎదురుచూసింది. సంఘం నుంచి చూడ్డానికి ఎవరూ రాలేదు.

చలికాలం వెళ్ళేముందు ఒకనాడు కార్యదర్శి తనంతట తనే వచ్చాడు. చేతిలో సంచి. నమస్కారం పెట్టి, దగ్గరున్న పువ్వు మీదికి వంగి, కళ్ళు మూసుకున్నాడు. కాసేపు ఎక్కడున్నాడో మర్చిపోయినట్టున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, “ఒక్క కొమ్మ ఇప్పించండి సిస్టర్. రెండు కళ్ళుంటే చాలు, మా ఇంట్లో అంటు కట్టుకుంటా” అన్నాడు. సంచిలో కత్తి, కట్టే పట్టీ కూడా తెచ్చుకున్నాడు!

“కళ్ళ సంగతి తర్వాత. ఆ రోజు మీ ముక్కు ఏమైంది?”

ఆయన సంచిని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

“ఇది సెంటు కాదని మీకెప్పుడు తెలిసింది?”

“అప్పుడే... కొంచెం అనుమానం వచ్చిందనుకోండి. కానీ మా బావమరిది...” అని ఆగిపోయాడు.

తెలిసే చేశాడన్నమాట! పొరపాటు పడ్డాడేమో, ముక్కు మూసుకుపోయిందేమో అని ఇన్నాళ్ళూ ఎక్కడో ఓ మూల అతని తరఫున తనే వాదించుకుంది. ఆ కాస్త దయా అక్కడికక్కడే ఆరిపోయింది.

“సంఘం మీటింగులో లేచి చెప్పండి, ఆ పువ్వు నిజమైనదని. కొమ్మ కాదు, మొక్కే ఇస్తాను.”

“అది మన ఇద్దరి మధ్యా ఉంటే బాగుంటుంది కదమ్మా. ఇంత చిన్న విషయానికి అంత పంతం దేనికి?”

“నన్నన్నది మన ఇద్దరి మధ్యేనా? గేటు అదిగో.”

మరుసటి ఏడు ప్రదర్శన ప్రకటన హాలు బోర్డు మీద పడింది. సువాసన బహుమతి లేదు. వాసనను కొలవడం కుదరదు కనుక, వివాదాలు రాకుండా ఆ విభాగం తీసేశారట. చెప్పిన అబద్ధాన్ని వెనక్కి తీసుకోలేక, వాసననే తీసేశారు! బోర్డు ముందు నిలబడి ఆమె పైకే అంది, “సిగ్గులేని మనుషులు.”

ప్రదర్శన రోజున తోటలో విచ్చిన ప్రతి పువ్వునూ కోసేసింది. రెండు బకెట్లయ్యాయి. ఒకటి తను తీసుకుంటే, రెండోది భర్త ఎత్తుకున్నాడు. హాలు గేటు బయట, రోడ్డు పక్కన నిలబడి వచ్చేపోయే ప్రతివాళ్ళకూ ఒక్కో పువ్వు ఇచ్చింది. “వాసన చూడండి. సెంటు ఎక్కడ కొట్టానో చెప్పండి.”

వాచ్‌మన్ వచ్చి నసిగాడు. “లోపలికైనా రమ్మంటున్నారు, లేకపోతే వెళ్ళిపొమ్మంటున్నారమ్మా.”

“రోడ్డు వాళ్ళది కాదు నాయనా. ఇదిగో, నువ్వూ చూడు.” అతను చూసి, పువ్వు జేబులో పెట్టుకుని, ఇక అటువైపు రాలేదు.

లోపలికి వెళ్ళినవాళ్ళ చేతుల్లో ఆ పువ్వులు. లోపలి బల్లల మీద వాసన లేని రాజకుమారులు. మధ్యాహ్నానికల్లా హాలంతా ఆమె తోట వాసనే.

సర్దుకునే వేళకు కార్యదర్శి భార్యతో బయటికొచ్చాడు. “ఏంటి సిస్టర్, నలుగురిలో ఈ రచ్చ?”

“నన్ను మోసగత్తె అన్నది నలుగురిలోనే కదండీ.”

ఆయన భార్య చెయ్యి చాపి ఒక పువ్వు తీసుకుని వాసన చూసింది. “ఏమండీ, మీరు సెంటు అన్నది దీన్నేనా?” అంది.

ఆయన చుట్టూ చూసి, పెదవులు కదిలీ కదలకుండా “పొరపాటైంది” అన్నాడు.

“గట్టిగా చెప్పండి.”

ఆయన కారెక్కి తలుపు వేసుకున్నాడు. భార్య అక్కడే ఆగింది. ఆమెతో కట్ల సిస్టర్, “మీరు రండి అమ్మా, కన్ను కట్టడం నేర్పిస్తా. మొక్క మాత్రం మీకు. ఆయనకి కాదు” అంది. ఆవిడ నిజంగానే వచ్చింది, వారం తిరక్కుండానే. ఆయన పెరట్లో ఇప్పుడా గులాబీ పూస్తోంది. సంఘం మాత్రం ఈనాటికీ ఆ చీటీ తప్పని ఎక్కడా చెప్పలేదు.

ఊళ్ళో చాలా ఇళ్ళ ముందు ఆ ఎరుపు కనిపిస్తుంది. ఎవరడిగినా లేదనకుండా కళ్ళిస్తుంది ఆమె. మొన్న ఆడపడుచు వచ్చి తనూ ఓ కొమ్మ పట్టుకుపోతూ, “ఇన్ని ఇళ్ళలో పూస్తోంది కదా వదినా, ఇంకా కోపమేనా?” అంది.

“వాళ్ళింకా చెప్పలేదుగా” అంది ఆమె, కత్తెర తుడుచుకుంటూ. “నా కోపం ఎందుకు పోవాలి?”