మా కోచ్ విసిరిన మెల్లని బంతులు

మా కోచ్ పోయారని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను వెల్లింగ్టన్ శివారు జాన్సన్‌విల్ స్టేషన్‌లో ఆఫీసుకి వెళ్ళే రైలు ఎక్కబోతున్నాను. "నాన్న పొద్దున నిద్ర లేవలేదు" అంది. రైలు వెళ్ళిపోయింది. దుఃఖం కంటే ముందు నాకు భయం వేసిందంటే మీరు నన్ను మంచి మనిషి అనుకోరు, కానీ నిజం అదే. ఇక ఆవిడ ఎదుట పడక తప్పదు, మూడేళ్ళుగా దాచుకున్న మాట ఇంకా దాచలేను అని భయం. ఆ మాట ఏమిటో ముందు ఆయన గురించి చెబితే గానీ అర్థం కాదు.

ఆయనది రొమేనియా. అక్కడి పెద్ద లీగ్‌లో ఆడే ఒక క్లబ్బులో ఆడపిల్లల హ్యాండ్‌బాల్ జట్టుకి ఇరవై ఏళ్ళకు పైగా కోచ్‌గా చేశారు. శనివారం మ్యాచ్ ఓడిపోతే సోమవారం రొట్టెల కొట్టువాడు పలకరించేవాడు కాదని చెప్పి నవ్వేవారు. భార్య పోయాక పామర్‌స్టన్ నార్త్‌లో ఉన్న ఒక్కగానొక్క కూతురి దగ్గరికి వచ్చేశారు. న్యూజిలాండ్‌లో హ్యాండ్‌బాల్ అంటే "అంటే చేత్తో ఫుట్‌బాలా?" అని అడుగుతారు. దేశం మొత్తానికి క్లబ్బుల పోటీ పెడితే వచ్చే జట్లని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి చోట ఆయన ఓపిగ్గా ఒక జట్టుని కూడగట్టారు. పిల్లల్ని చూసుకునే పనికి జర్మనీ నుంచి వచ్చిన ఇద్దరమ్మాయిలు, బ్రెజిల్ నుంచి ఒకామె, డెన్మార్క్ నుంచి వచ్చిన పశువుల డాక్టరు, నెట్‌బాల్ మీద విసుగు పుట్టిన కొందరు కివీలు, వరంగల్ వైపు నుంచి నేను.

నేను 2014లో అక్కడి యూనివర్సిటీకి చదువుకోవడానికి వెళ్ళాను. ఒకరోజు స్పోర్ట్స్ హాల్ పక్కనుంచి పోతుంటే లోపల ఒక పెద్దాయన మోకాళ్ళ మీద పాకుతూ కనిపించారు. తాడు ఒక చివర గోల్ స్తంభానికి కట్టి, రెండో చివర చేత్తో పట్టుకుని, నేల మీద వంపుగా టేపు అతికిస్తున్నారు. చూడగానే గుర్తుపట్టాను. మా హైస్కూల్లో పీఈటీ సారు అదే గీతని సున్నంతో గీసేవారు. లోపలికి వెళ్ళి "హ్యాండ్‌బాలా?" అని అడిగాను. ఆయన తలెత్తి చాలాసేపు నన్ను చూసి, "ఎక్కడ ఆడతావు?" అన్నారు. "గోల్‌కీపర్‌ని" అనేసి నాలుక కరుచుకున్నాను.

నేను ఆట మానేసి అప్పటికి ఏడెనిమిదేళ్ళయింది. పదో తరగతిలో జిల్లా సెలక్షన్స్‌లో బంతి మొహాన తగిలి ముక్కులోంచి రక్తం కారింది. అప్పటినుంచి బంతి వస్తుందంటే చాలు, కళ్ళు వాటంతటవే మూసుకునేవి. ఆ సంగతి కోచ్ మొదటిరోజు మూడో బంతికే కనిపెట్టేశారు. "నాకు భయం కోచ్, నేను పనికిరాను" అని నేనే చెప్పేశాను. ఆయన ఒక పొద్దుతిరుగుడు గింజ కొరికి, పొట్టు కాగితం కప్పులో వేసి, "భయం లేని గోల్‌కీపర్ నాకొద్దు. వాళ్ళు బంతిని చూడరు" అన్నారు. ఆయన ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే అన్యాయం. అందుకే మా ఇద్దరికీ బాగా అర్థమయ్యేది.

ఆయన పద్ధతి ఒకటుండేది. గోల్‌కీపర్ మిగతావాళ్ళకంటే అరగంట ముందు రావాలి. ఆ అరగంట హాల్లో ఇద్దరమే. మొదట్లో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమనేవారు. నా చెవి పక్కనుంచి టెన్నిస్ బంతులు విసిరేవారు. వాటి మీద రంగు పెన్నుతో అంకెలు రాసి ఉండేవి. ఆపడం వద్దు, అంకె చదివి చెప్పు, అంతే. నెల రోజులు ఒక్క అంకె కూడా చదవలేదు. రెండో నెలలో "నాలుగు!" అని అరిచాను. అది ఏడు. అయినా ఆయన రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశారు. కళ్ళు తెరిచి ఉంచాను కదా, అందుకు.

ఎదుటి జట్టుకి అర్థం కాకుండా నాకొక్కదానికే వినపడే మాట కావాలని, "చూడమని మీ భాషలో ఏమంటారు?" అని అడిగారు. "సూడు" అని మా ఇంట్లో అనేటట్టే చెప్పాను. ఆరోజు నుంచి హాలు కప్పు ఎగిరిపోయేలా "సూడు! బాల్ సూడు!" అని అరిచేవారు. గోల్ పడితే మాత్రం ఏమీ అనేవారు కాదు. "అయిపోయింది, నీళ్ళు తాగు" అనేవారు. పరీక్ష పోయినా, ఉద్యోగానికి అప్లికేషన్ తిరిగొచ్చినా ఆ మాటే.

టెన్నిస్ బంతుల నుంచి అసలు బంతికి వచ్చాక తెలిసింది, ఆయన ఎడమ చెయ్యి ఎంతటిదో. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి విసిరితే బంతి వెనక వలలో ఠప్పుమనేది. అరచేతులు ఎర్రగా కమిలిపోయి, మరునాడు డెయిరీలో పార్ట్‌టైమ్ పనికి వెళ్తే పాల డబ్బా పట్టుకోవడం కష్టమయ్యేది. పది విసిరితే రెండు ఆపితే గొప్ప. అలా రెండేళ్ళు గడిచాయి.

ఆ తర్వాతి శీతాకాలంలో నా దశ తిరిగింది. పదిలో ఐదు ఆపాను. ఇంకో నెలకి ఏడు. ఒకరోజు పదికి పది ఆపేసి, హాలంతా గెంతులు వేశాను. "చూశారా కోచ్, నాకు భయం పోయింది!" అన్నాను. ఆయన గోడకి ఆనుకుని టీ తాగుతూ "బాగుంది, బాగుంది" అన్నారు. ఫ్లాట్‌కి వెళ్ళి అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. మా అమ్మ "మొకం జాగ్రత్త బిడ్డా" అంది.

ఆ వారమే ప్రాక్టీసులో మా పశువుల డాక్టరు మామూలుగా ఒక షాట్ కొట్టింది. నేను చెయ్యి ఎత్తేలోపు అది గోల్లో ఉంది. ఇంకొకటి. ఇంకొకటి. ఎనిమిది కొడితే ఒక్కటి ఆపాను. నీళ్ళు తాగుతూ కోచ్ వైపు చూశాను. ఆయన ఎడమ చెయ్యి కుడిచేత్తో పట్టుకుని నెమ్మదిగా నొక్కుకుంటున్నారు. అప్పుడు తెలిసింది. నా ఆట బాగుపడలేదు. ఆయన బంతుల్లో జోరు తగ్గింది. నెల నెలా తగ్గుతూ వచ్చింది, నేను నెల నెలా పొంగిపోతూ వచ్చాను. అంత దగ్గర నిలబడి బంతిని చూడటం నేర్చుకున్నదాన్ని, విసిరే మనిషిని చూడలేదు. ఆ రోజు పట్టుకున్న భయం ముందు ముక్కు పగిలిన భయం ఏపాటిది!

తర్వాతి ప్రాక్టీసు రోజు, మా అరగంటలో, నాలుగో బంతికే ఆయన ఆగిపోయి, బెంచీ మీద కూర్చున్నారు. మొహం తెల్లబడింది, నుదుటి మీద చెమట. ఆ హాల్లో చలికి మేం స్వెటర్లు తీయకుండా వార్మప్ చేసేవాళ్ళం. "కోచ్, అంబులెన్స్ పిలుస్తాను" అని ఫోన్ తీశాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

"పోటీ అయ్యేదాకా వద్దు. పది రోజులు. తర్వాత నువ్వు ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వస్తాను."

"మీ అమ్మాయికైనా చెప్తాను."

"దానికి అసలు చెప్పకు. ఒట్టు పెట్టు."

ఎందుకంత పంతం అంటే, అప్పుడు చెప్పారు. తమ దేశంలో ఒకసారి ఛాతీలో నొప్పి వచ్చి మూడు వారాలు ఆస్పత్రిలో ఉన్నారట. తిరిగొచ్చేసరికి క్లబ్బు బెంచీ మీద ఆయన చోట్లో వేరే మనిషి కూర్చుని ఉన్నాడట. "ఎవరూ పొమ్మనలేదు. కూర్చోమనీ అనలేదు" అన్నారు. అంత గట్టి మనిషి కళ్ళలో భయం చూడటం నాకదే మొదటిసారి. నేను ఒట్టు పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది.

ఆ పది రోజులు నాకు అన్నం దిగలేదు. నాతో ఫ్లాట్‌లో ఉండే అక్కది నల్గొండ. హాస్పిటల్లో నర్సు. ఆమె చపాతీలు చేస్తుంటే పక్కన నిలబడి, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను.

"అక్కా, ఎవరికన్నా ఎడమ చెయ్యి గుంజి, చెమటలు పట్టి, మళ్ళ మంచిగైతే ఏమన్నట్టు?"

ఆమె కర్ర ఆపింది. "ఎవలకు? నీకా?"

"కాదు, ఊకెనే అడిగిన."

"ఊకెనే ఎవలూ గుండె గురించి అడగరు. ఎవలైనా సరే, ఇయ్యాల్నే తోల్కపో. మంచిగైందని ఊకుంటే ఒకనాడు అట్లనే పోతరు. నీకు తెలిసి చెప్పకపోతే అది నీ మీదనే ఉంటది, సూడు."

రెండుసార్లు కోచ్ కూతురి నంబరు నొక్కాను. రెండుసార్లూ రింగ్ కాకముందే కట్ చేశాను.

పోటీ వెల్లింగ్టన్‌లో జరిగింది. ఆయన కూతురు కూడా వచ్చి గ్యాలరీలో కూర్చుంది. నేను గోల్లో నిలబడ్డానే గానీ, ఒక కన్ను బంతి మీద, ఒక కన్ను బెంచీ మీద. "సూడు! బాల్ సూడు!" అని ఆయన అరిచినప్పుడల్లా, అరవకండి, మీ గుండె అని లోపల ఏడ్చేదాన్ని. అయినా ఎలాగో చివరి లీగ్ మ్యాచ్‌దాకా వచ్చాం. అది గెలిస్తే ఫైనల్. డ్రా అయితే ఇంటికే. అర నిమిషం ఉందనగా మేం ఒక్క గోల్ ముందున్నాం, బంతి కూడా మా చేతిలోనే ఉంది.

అప్పుడు బెంచీ మీద ఆయన ముందుకు వాలి, మోకాళ్ళ మీద పడిపోయారు. సబ్‌స్టిట్యూట్ల కాళ్ళ మధ్య తల కూడా కనబడలేదు.

నేను గోల్ వదిలేసి పరుగెత్తాను. ఆలోచించలేదు. సగం దూరం వెళ్ళేసరికి ఆయన లేచి నిలబడ్డారు, చేతిలో ఆకుపచ్చ కార్డు. టైమవుట్ అడగడానికి కోచ్ ఆ కార్డుని టేబుల్ మీద పెట్టాలి. అది చేతిలోంచి జారి బెంచీ కిందికి పోతే వంగి తీసుకున్నారు. నన్ను చూసి కొయ్యబారిపోయారు. నా వెనక గోల చెలరేగింది. మా వాళ్ళ చేతిలోంచి బంతి లాక్కుని, ఎదుటి జట్టు పిల్ల ఎక్కడో అవతలి కొస నుంచి ఖాళీ గోల్లోకి విసిరేసింది. మ్యాచ్ డ్రా.

మా పశువుల డాక్టరు నా మీదికి వచ్చింది. "ఏమైంది నీకు? పిచ్చా?" అంది. ఏం చెప్పినా ఒట్టు తప్పుతుంది. కోచ్ మా ఇద్దరి మధ్యకు వచ్చి, అందరికీ వినపడేటట్టు అన్నారు. "నేనే పిలిచాను. గోల్‌కీపర్ని బయటికి తీసి ఇంకో అటాకర్‌ని పంపుదామనుకున్నాను. తప్పు నాది."

గోల్‌కీపర్ని తీసేసి అటాకర్‌ని దింపడం అప్పుడప్పుడే అందరూ చేస్తున్న ఎత్తు. కానీ ఒక గోల్ ముందుండి, అర నిమిషం ఉండగా ఆ పని ఏ కోచ్ చేయడు. అవతలి బెంచీలో నవ్వుకున్నారు. ముసలాయనకి మతి పోయింది అని మా వాళ్ళే గొణిగారు. ఆయన జీవితమంతా సంపాదించుకున్న పేరు ఏదైనా ఉంటే, దాన్ని నా కోసం ఆ హాల్లో పోగొట్టుకున్నారు. బస్సులో నా పక్కన కూర్చుని గింజల పొట్లం నా ఒళ్ళో పెట్టారు. "సోమవారం నాతో రా" అన్నారు.

సోమవారం ఆస్పత్రికి వెళ్ళాం. ఆపరేషన్ అయింది. బయట వరండాలో డాక్టరు ఆయన కూతురితో "కొన్ని వారాల ముందు వచ్చి ఉంటే గుండె ఇంత దెబ్బతినేది కాదు" అనడం విన్నాను. నేను కాఫీ మిషన్ వెనకే నిలబడిపోయాను.

ఆ తర్వాత ఆయన బంతి విసరలేదు. నాకు వెల్లింగ్టన్‌లో ఉద్యోగం వచ్చి, ఇక్కడే ఒక క్లబ్బులో ఆడుతున్నాను. ప్రతి మ్యాచ్‌కీ ముందు ఫోన్ చేసి, "భయంగా ఉందా?" అని అడిగేవారు. ఉందంటే "మంచిది" అని పెట్టేసేవారు. ఆయన కూతురు ఇంట్లో ఉంటుందని తెలిస్తే మాత్రం చూడటానికి వెళ్ళేదాన్ని కాదు.

అంత్యక్రియలకు వెళ్ళాను. చర్చి పక్క హాల్లో ఆవిడ, ఉడికించిన గోధుమల్లో పంచదార, అక్రోటు కలిపిన పళ్ళెం పట్టుకుని అందరికీ తలా ఒక చెంచా పెడుతోంది. వాళ్ళ ఆచారమట, పోయినవాళ్ళ పేరు చెప్పి తినాలి. నా వంతు వచ్చింది.

"ఆ మ్యాచ్‌లో ఆయన నన్ను పిలవలేదు" అన్నాను. "పడిపోయారనుకుని పరుగెత్తాను. ఆయన గుండె సంగతి నాకు పది రోజుల ముందే తెలుసు. ఒట్టు వేయించుకున్నారు. మీకు చెప్పలేదు."

ఆవిడ చెంచా ఆపింది.

"నాకు మూడు నెలల ముందే తెలుసు" అంది. "వంటింట్లో కూలబడితే నేనే లేపాను. ఆటగాళ్ళకి చెప్పొద్దని నా చేత కూడా ఒట్టు పెట్టించాడు. ఆ రోజు నాన్న ముందుకు పడటం పైనుంచి నేనూ చూశాను. నువ్వు అనుకున్నదే అనుకున్నాను. లేవాలనుకున్నాను, కాళ్ళు రాలేదు. కుర్చీ పట్టుకుని కూర్చుండిపోయాను. నువ్వు పరుగెత్తావు."

ఆవిడ చేతుల్లో పళ్ళెం ఒక పక్కకి ఒరిగి, గోధుమ గింజలు ఒకటీ రెండూ కింద పడుతున్నాయి. నేను రెండో అంచు పట్టుకున్నాను. వెనక వరుసలో జనం ఆగి ఉన్నారు. అలా చెరో పక్క పట్టుకుని ఎంతసేపు నిలబడ్డామో తెలియదు, ఇద్దరిలో ఎవరమూ ముందు వదల్లేదు.