గోరు మీద నిలిచిన నీటిబొట్టు

నా చిన్నప్పుడు, ఎర్రగా మెరిసే గోళ్ళు పట్నం ఆడవాళ్ళకు పుట్టుకతోనే వస్తాయని అనుకునేదాన్ని. మా ఊళ్ళో ఎవరికీ అట్లాంటివి లేవు మరి. తమిళనాడులో ఎట్టయాపురం నుంచి కోవిల్‌పట్టి పోయే బస్సు దిగి, చేల మధ్యగా మైలు దూరం నడిస్తే మా ఊరు వచ్చేది. అంతా నల్లరేగడి. పత్తి, మిరప, సజ్జ. మా ఆడవాళ్ళ గోళ్ళ సందుల్లో ఆ నల్లమట్టి ఏడాది పొడుగునా ఉండేది. మిరపకాయలు కోసే నెలల్లో వేళ్ళు మండుతున్నాయని సాయంత్రం పూట మజ్జిగలో చేతులు ముంచుకుని కూర్చునేవాళ్ళు. పండగలకు గోరింటాకు పెట్టుకునేవాళ్ళం గానీ, అది గోరులోకి ఇంకిపోయే రంగు. అద్దంలా మెరిసేది కాదు.

ఆ మెరుపు రహస్యం నాకు తెలిసింది పక్కింటి అక్క వల్ల. ఆమె మూడేళ్ళు తూత్తుకుడిలో వాళ్ళ పిన్నమ్మ దగ్గర ఉండి, అక్కడొక పెద్దావిడ నడిపే బ్యూటీ పార్లర్‌లో పని నేర్చుకుని వచ్చింది. తర్వాత కోవిల్‌పట్టిలో రెండు కుర్చీలున్న ఒక చిన్న పార్లర్‌లో కుదిరింది. రోజూ పొద్దున బస్సుకు పోయి సాయంత్రం వచ్చేది. ఆదివారం మాత్రం ఇంట్లో ఉండేది. ఆ రోజు నేను అన్నం కూడా మరిచి ఆమె దగ్గరే కూర్చునేదాన్ని. ఆమె రేకు పెట్టెలో ఏడు గోళ్ళరంగు సీసాలుండేవి. మూత తీస్తే ముక్కు అదిరిపోయే వాసన. ఆ వాసన ఎందుకొస్తుంది, నీళ్ళతో కడిగినా ఎందుకు పోదు, గోరు కత్తిరిస్తే నొప్పి ఎందుకు లేదు, ఇట్లా నేను అడిగే ప్రశ్నలకు అంతు ఉండేది కాదు. ఆమె ఏనాడూ విసుక్కోలేదు. గోరు సంగతి అడిగినప్పుడు మాత్రం పని ఆపి నా వేలు పట్టుకుని చెప్పింది.

"పైన కనపడేది చచ్చిన గోరే పాప. దాని కింద ఉండేదే బతికింది. పైదాన్ని చూసి కిందదాని సేమం కనుక్కోవచ్చు. నాకు పని నేర్పినామె ముందర ఆస్పత్రిలో ఆయాగా ఉండె. రంగు పూసేదానికి ముందు గోరును చదవాల అని చెప్తా ఉండె."

గోరును ఎట్లా చదువుతారో నాకు అర్థం కాలేదు. అక్షరాలేవైనా కనబడతాయేమోనని కొన్నాళ్ళు నా గోళ్ళను వెలుతురుకు పెట్టి చూసుకున్నాను.

నాకు పదేళ్ళప్పుడు మా చిన్నాయనకు విరుదునగర్‌లో సంబంధం కుదిరింది. పెళ్ళికూతురి వాళ్ళూ మనవాళ్ళే, ఇంట్లో తెలుగే, కానీ రెండు తరాలుగా పట్నంలో స్థిరపడ్డవాళ్ళు. నిశ్చయ తాంబూలాలనాడు మా అమ్మ పళ్ళెం అందిస్తుంటే అవతలి ఆడవాళ్ళు ఆమె చేతుల వంక చూశారని మా అవ్వకు అనుమానం. పగిలిన వేళ్ళు, మట్టి పట్టిన గోళ్ళు. పెళ్ళిలో పెద్ద కోడలిగా సారె పళ్ళెం పట్టాల్సింది మా అమ్మే. అవ్వకు అదొక పట్టింపు అయి కూర్చుంది.

మా అమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ ఏడాది ఆమె బాగా నెమ్మదించిపోయింది. బోరింగు నుంచి బిందె తెస్తూ దారిలో రెండుసార్లు కూర్చునేది. చేలో అందరికంటే వెనకబడేది. బియ్యం చెరుగుతూ గుప్పెడు పచ్చి బియ్యం నోట్లో వేసుకునేది. అది ఆమెకొక రుచి అనుకున్నాం. మా అవ్వ మాత్రం ఆమెను సోంబేరి అనేది. అమ్మ ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. నాకూ అమ్మ సోమరిదే అనిపించేది. ఈ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

పెళ్ళి నాలుగు రోజులుందనగా, ఆదివారం నాడు అవ్వే పక్కింటికి పోయి అక్కను పిలుచుకొచ్చింది. మా కోడలి చేతులు పట్నం చేతుల్లాగా చేసిపెట్టమంది. అమ్మకు ఇష్టం లేదు.

"నాలుగు దినాల్లో పోయేదానికి ఒక పూటంతా కూర్చోవాల్నా? దీంట్లో ఏముండాది?" అని అడిగింది.

"నాలుగు దినాలు కూడా నిలవదు వదినె. మీరు పత్తి తీస్తే రెండు దినాలే," అంది అక్క నిజాయితీగా.

"మరి ఏంటికి?"

"చేతులు నీళ్ళలో పెట్టి సుమ్మా, ఊరికే కూర్చునేదానికి."

అమ్మ నవ్వింది. ఆ ఏడాది ఆమె అట్లా నవ్వడం నేను చూసింది అదే మొదలు.

వాకిట్లో నులక మంచం మీద అమ్మను కూర్చోబెట్టి, ఇత్తడి గంగాళంలో గోరువెచ్చని నీళ్ళు పోసి, సబ్బు తురిమి, నిమ్మకాయ పిండి, అందులో రెండు చేతులూ ముంచమంది. చేతులు నీళ్ళలో ఉంటే ఏ పనీ చేయలేరు కదా. అమ్మ కాసేపు ఇబ్బందిగా అటూ ఇటూ చూసింది. తర్వాత ఆమె భుజాలు వదులయ్యాయి. అక్క ఒక్కో చెయ్యి బయటికి తీసి, ఈనెపుల్లకు దూది చుట్టి, గోటి సందుల్లోని మట్టిని ఓపిగ్గా లాగింది. అరచేతులు రాతితో రుద్దింది. కొబ్బరినూనె రాసి ఒక్కో వేలినీ మొదటి నుంచి చివరికంటా ఒత్తింది. గోళ్ళు సమంగా కత్తిరించి, అంచులు నున్నగా అరగదీసింది. నేను ఎరుపు సీసా పట్టుకుని ఆత్రంగా నిలబడ్డాను.

మట్టి పోయేసరికి గోళ్ళ అసలు రంగు బయటపడింది. తెల్లగా, కాగితంలా ఉన్నాయి. అక్క చెయ్యి ఆగిపోయింది. బొటనవేలిని పక్కకు తిప్పి చూసింది. గోరు మధ్యలో గుంట పడి, అంచులు పైకి లేచి, చిన్న చెంచాలా ఉంది. ఆమె తన వేలు గంగాళంలో ముంచి, ఒక్క నీటిబొట్టు ఆ గోరు మీద వేసింది. బొట్టు కదలకుండా అందులోనే కూర్చుంది. నన్ను దగ్గరికి పిలిచి నా గోరు మీద ఇంకో బొట్టు వేసింది. అది జారి కింద పడింది.

నాకు భలే వింతగా తోచింది. మళ్ళీ వెయ్యి, మళ్ళీ వెయ్యి అని గంతులేశాను. అక్క మాత్రం నవ్వలేదు. గొంతు తగ్గించి అమ్మను ఏవేవో అడిగింది. మెట్లెక్కితే ఆయాసమా, గుండె దడదడలాడుతుందా, పచ్చి బియ్యం తింటారా, నెలనెలా ఎన్ని దినాలు. చివరి ప్రశ్నకు అమ్మ తల దించుకుంది. ఎన్నాళ్ళుగానో ఎవరికీ చెప్పని మాటేదో అక్క చెవిలో చెప్పింది.

అక్క నా చేతిలోంచి సీసా తీసుకుని పెట్టెలో పెట్టి మూత వేసేసింది. నేను ఏడుపు లంకించుకున్నాను. లోపల్నుంచి అవ్వ వచ్చి, పని ఎందుకు ఆగిందని గద్దించింది. అప్పుడు అక్క చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"అవ్వా, ఈ గోళ్ళకు రంగు పట్టదు. పూస్తే పొట్టు మాదిరి రాలిపోతాది. పెండ్లిలో నలుగురి ముందర రాలితే మీకే అవమానం. రేపు పొద్దున కోవిల్‌పట్టి పెద్దాస్పత్రికి పిలుచుకొని పోండి. డాక్టరమ్మ మందు ఇస్తేనే రంగు పడతాది."

అలసట అని చెప్పి ఉంటే మా అవ్వ కదిలేది కాదు. ఒంట్లో బాగాలేదన్నా, కల్యాణం అయ్యాక చూద్దామనేది. పరువు అనేసరికి మర్నాడు మొదటి బస్సుకే అమ్మను, నన్ను తీసుకుని బయల్దేరింది. బస్సులో దారి పొడుగునా రంగును, పట్నంవాళ్ళను, పక్కింటి అక్కను తిట్టింది.

డాక్టరమ్మ తమిళంలో ఏమమ్మా అని అడిగితే, ఏమీ లేదని అమ్మ కూడా తమిళంలోనే జవాబిచ్చింది. అవ్వ మధ్యలో దూరి, గోళ్ళకు రంగు పట్టడానికి మాత్రలు కావాలంది. డాక్టరమ్మ ఆశ్చర్యంగా చూసి, అమ్మ చెయ్యి అందుకుంది. చూపు గోళ్ళ మీదే నిలిచింది. తర్వాత కంటి కింది రెప్ప లాగి చూసింది. నెత్తురు పరీక్ష చేయించింది. మధ్యాహ్నానికి ఆమె అవ్వను పక్కకు పిలిచి గట్టిగానే మాట్లాడింది. ఒంట్లో ఉండాల్సిన నెత్తురులో సగం కూడా లేదని, ఈ మనిషి నడిచి వచ్చిందంటేనే నమ్మలేకపోతున్నానని, ఇంకొన్నాళ్ళు ఇట్లాగే వదిలేస్తే గుండె ఆగిపోయేదని చెప్పింది. ఇంటికి పంపనంది. నెత్తురు ఎక్కించాలంది.

అవ్వ వరండాలో గోడకు ఆనుకుని కూలబడింది. తర్వాత లేచి, ఊరివైపు పోయే బస్సు కండక్టరు చేత మా నాయనకు, చిన్నాయనకు కబురు పంపింది.

మా నాయన నెత్తురు అమ్మకు సరిపడలేదు. చిన్నాయనది సరిపడింది. పెళ్ళికొడుకు నెత్తురు వద్దని అమ్మ మంచం మీంచే చేతులు జోడించింది. ఆయన చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ, "నేను చిన్నబిడ్డప్పుడు నీ చేత్తో అన్నం తినలేదా వదినె? ఆ నెత్తురే ఇది," అన్నాడు. అమ్మ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆయనకు నాలుగేళ్ళట. అవ్వ అడ్డు చెప్పలేదు.

పెళ్ళికి అమ్మ రాలేదు. సారె పళ్ళెం మా మేనత్త పట్టింది. ఎవరి చేతులు ఎట్లా ఉన్నాయో ఎవరు చూశారో నాకు తెలియదు. నా మనసంతా ఆస్పత్రిలోనే ఉంది. మర్నాడు విరుదునగర్ నుంచి మేమంతా తిరిగొస్తుంటే, కొత్త పెళ్ళికూతురు మా గడప తొక్కకముందే ఆస్పత్రికి పోదామంది. పట్టుచీర, నగలతో వచ్చి అమ్మ మంచం అంచున కూర్చుంది. ఆమె గోళ్ళు నేను కలలు కన్న ఎరుపే. ఆ ఎర్రని వేళ్ళ మధ్య అమ్మ తెల్లని వేళ్ళు పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

ఆ సాయంత్రం అక్క పార్లర్ నుంచి నేరుగా ఆస్పత్రికి వచ్చింది. నన్ను తొలిచేస్తున్న ప్రశ్న అప్పుడు అడిగాను. నిజంగానే ఆ గోళ్ళకు రంగు అంటుకోదా?

"రంగుకేం తెలుసు పాప? గోడకు పూసినా అంటుకుంటాది, తగరానికి పూసినా అంటుకుంటాది," అని చిన్నగా నవ్వింది. "నేను పూసుంటే రొంబ అందంగా ఉండేది. ఎవరికీ ఏమీ కనపడి ఉండేది కాదు."

ఆ మాట అవ్వ వినింది. అక్క ఆడిన అబద్ధం ఆమెకు అక్కడే తెలిసిపోయింది. కోప్పడుతుందని భయపడ్డాను. ఆమె దానిమ్మకాయ ఒలవడం ఆపి, తన బొటనవేలు నా ముందుకు చాపి, నాకూ ఒక బొట్టు వేసి చూడు పాప అంది. వేశాను. జారిపోయింది. అవ్వ ఆ తడిని కొంగుకు తుడుచుకుని, మళ్ళీ దానిమ్మ గింజలు ఒలిచి అమ్మ నోట్లో ఒక్కొక్కటే పెట్టింది. ఆ తర్వాత సోంబేరి అన్న మాట మా ఇంట్లో ఎవరి మీదా వినబడలేదు.

ఊరికి వచ్చాక నేను ఒక చెంబు నీళ్ళు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. చేతికి దొరికిన ప్రతి ఆడమనిషి గోరు మీదా బొట్టు వేసి చూశాను. కొందరు నవ్వారు, కొందరు తరిమారు. ఇద్దరి గోళ్ళ మీద బొట్టు నిలిచింది. ఆ ఇద్దరినీ అవ్వే స్వయంగా బస్సెక్కించి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

అమ్మ గోళ్ళు అంత తొందరగా మారలేదు. కొత్త గోరు అడుగు నుంచి పెరిగి చివరకు చేరడానికి ఆరేడు నెలలు పట్టింది. మందులు మింగుతూ, మునగాకు కూర తింటూ, ఆమె మెల్లగా మనిషైంది. బొట్టు జారిపోయిన ఆదివారం నాడు అక్క మాట ప్రకారం ఎరుపు రంగు పూసింది. అమ్మ వేళ్ళు చాపుకుని, ఆరిందా లేదా అని ఊదుకుంటూ, చిన్నపిల్లలా కూర్చుంది. బుధవారానికల్లా పత్తి చేలో సగం రంగు పోయింది. ఆమెకేమీ బాధ లేదు. ఆ తర్వాత ఆమె ముప్ఫై ఏళ్ళకు పైగా బతికింది.

నేను ఇప్పుడు విరుదునగర్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. మొన్నామధ్య మా మనవరాలు ఒక సందేహం తెచ్చింది. మామూలు నెయిల్ పాలిష్‌తో మానిక్యూర్ చేయించుకోవడం దండగ కదా అవ్వా, నాలుగు రోజుల్లో పోతుంది, జెల్ రంగు అయితే వారాల తరబడి ఉంటుంది అంది. ఎవరి ఇష్టం వాళ్ళది అన్నాను. నన్నడిగితే మాత్రం తొందరగా పోయేదే మంచిదని చెప్పాను. పోయినప్పుడల్లా గోరు ఒకసారి కనబడుతుంది. అంతకంటే, మన చెయ్యి పట్టుకుని ఒక గంటసేపు శ్రద్ధగా చూసే మనిషి దొరకడం రంగు కన్నా పెద్ద సంగతి. పిల్ల ఏమనుకుందో గానీ, తోడు రమ్మని నన్నూ పార్లర్‌కు తీసుకెళ్ళింది.

అక్కడ పనిచేసే ఆవిడకు నలభై ఏళ్ళుంటాయి. మా మనవరాలి వేళ్ళను ఒక్కొక్కటే తుడిచి, అరగదీసి, లేత గులాబీ రంగు పూసింది. చక్కటి పనితనం. చూస్తూ కూర్చున్న నాకు, పొద్దున్నుంచి ఎందరి చేతులో పట్టుకున్న ఈమె చెయ్యి ఎవరైనా పట్టుకుని చూశారా అనిపించింది. పదేళ్ళ వయసులో అంటుకున్న అలవాటు ఇది, వదలదు. ఎవరి చెయ్యి నా చేతికి అందినా నా కళ్ళు ముందు గోళ్ళ మీదికే పోతాయి. పని అయ్యాక, ఒకసారి నీ చెయ్యి చూపమ్మా అని తమిళంలో అడిగాను. ఆవిడ తికమకపడింది. చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని, సంకోచంగా నా చేతిలో పెట్టింది. గోళ్ళు కాస్త పొడిబారి ఉన్నాయి, కానీ అడుగున మంచి నెత్తురు రంగు. బాగున్నావు తల్లీ అన్నాను. ఆవిడ చెయ్యి వెంటనే వెనక్కి తీసుకోలేదు.